ఒక హాలు, రెండు పెట్టెలు: అమ్మ వయొలిన్‌కి ఏది, మేనల్లుడి సినిమాకి ఏది?

మా మేనల్లుడు విశాఖలో ఫ్లాటు మారుతూ, సామాను సర్దుకునేదాకా తన హోమ్ థియేటర్ రిసీవర్ని, అంటే టీవీ, సినిమా శబ్దాన్ని చాలా స్పీకర్లకి పంచే యాంప్లిఫయరు పెట్టెని, తెచ్చి విజయనగరంలో మా ఇంట్లో పడేశాడు. పదిహేను రోజులే అన్నాడు. అది దిగిన మర్నాడే ఇంట్లో పేచీ మొదలైంది. మా హాల్లో ఎనిమిదేళ్లుగా ఒక యమహా స్టీరియో యాంప్లిఫయరు, స్టాండ్ల మీద రెండు స్పీకర్లు ఉన్నాయి. అమ్మకి అవి చాలు. ఆవిడ ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న మనిషి. పొద్దున్న కాఫీతో పాటు వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగు ఒకటి పడకపోతే ఆవిడకి రోజు మొదలవదు. పిల్లలది ఇంకో లోకం. శనివారం రాత్రి అప్ప కుటుంబం కూడా దిగితే టీవీ ముందు ఎనిమిది మందిమి తేలతాం. "మావయ్యా, ఆ రెండు పెట్టెలతో సినిమా ఏటి? రిసీవర్ కొనీ" అని మేనల్లుడు. "ఉన్నది బాగానే ఉంది కదరా" అని అమ్మ.

సరే, రెండు పెట్టెలూ ఇంట్లోనే ఉన్నాయి కదా, పక్కపక్కన పెట్టి చూద్దాం అనుకున్నాను. మన ఊళ్లో ఇలాంటి అవకాశం మళ్లీ దొరకదు. రిసీవర్లు విని కొనాలంటే విశాఖ పోవాలి. పోయినా అక్కడి షోరూం ఏసీ గది, గోడలకి మెత్తలు. మన ఇంటి టైల్సు నేలకీ దానికీ పోలికే లేదు.

ముందు కాగితం మీది లెక్క. నా యమహా ఏ-ఎస్301లో రెండే ఛానళ్లు (ఒక్కో స్పీకరుకి ఒక్కో ఛానల్), ఒక్కోటి 60 వాట్లు. మేనల్లుడి డెనాన్ ఎక్స్1700హెచ్‌లో ఏడు ఛానళ్లు, ఒక్కోటి 80 వాట్లు. చూడ్డానికి ఏడు ఎనభైలు ఎక్కడ, రెండు అరవైలు ఎక్కడ అనిపిస్తుంది. ఎత్తి చూస్తే తెలిసింది: రెండూ తొమ్మిది కిలోల దరిదాపే. ఆ 80 అనేది రెండు ఛానళ్లే మోగుతున్నప్పటి లెక్క. ఏడింటికీ కరెంటు పంచే ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే, ఉమ్మడి కుటుంబంలో ఒక్క కుండలో వండిన అన్నంలాగ. అందరూ ఒకేసారి పీటల మీద కూర్చుంటే ఒక్కొక్కరి విస్తట్లో తగ్గుతుంది. అలా అని అది మోసమేం కాదు, అందరూ ఒకేసారి కూర్చునే సందర్భం సినిమాలో కూడా తక్కువే. కాకపోతే డబ్బా మీద అంకె చదివేటప్పుడు దాని పక్కనున్న చిన్నక్షరాలు కూడా చదవాలి. 8 ఓములు, 20 నుంచి 20,000 హెర్ట్జ్, రెండు ఛానళ్లు అని ఉంటే అది నమ్మదగ్గ అంకె. 6 ఓములు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ (శబ్దం చెడడం), ఒక్క ఛానల్ అని ఉంటే అది పెళ్లిచూపుల నాటి జీతం.

ఆ 60కీ 80కీ తేడా చెవికి ఎంత? డెసిబెల్ పైచిలుకు, అంతే. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు. మోత రెట్టింపు అయినట్టు చెవికి తోచాలంటే దాదాపు 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. నా స్పీకర్ల సెన్సిటివిటీ 88, అంటే ఒక్క వాటుకి ఒక మీటరు దూరంలో 88 డెసిబెళ్లు. మా సోఫా మూడు మీటర్ల దూరంలో ఉంది, అక్కడికి చేరేసరికి 80 అనుకుందాం. అమ్మ వినే మోతకి ఆ ఒక్క వాటు కూడా ఎక్కువే. సినిమాలో బాంబు పేలి 90కి వెళ్తే 10 వాట్లు. 100కి వెళ్తే 100 వాట్లు, కానీ అక్కడిదాకా వెళ్తే పక్కింటివాళ్లు గోడ దూకి వస్తారు. కాబట్టి మామూలు హాలుకి 60, 80 అని కొట్టుకోవడం దండగ.

ఇక వినడం. స్పీకర్లు అవే, తీగ అదే, పాట అదే. యాంప్లిఫయరు ఒక్కటే మార్చాను. ఒక జాగ్రత్త మాత్రం తీసుకున్నాను: ఫోన్లో మోత కొలిచే యాప్ సోఫా దగ్గర పెట్టి, రెండిటినీ ఒకే అంకె దగ్గరకి తెచ్చాను. ఇది చేయకుండా పోల్చేవాళ్లని నేను నమ్మను. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగేదే మనకి తేటగా, తియ్యగా వినిపిస్తుంది. ఆ కిటుకు తెలియకే చాలామంది ఖరీదైన పెట్టెలు కొంటారు. రిసీవర్ని డైరెక్ట్ మోడ్‌లో పెట్టాను, అంటే ఏ హంగూ చేర్చకుండా వచ్చింది వచ్చినట్టు పంపించే మోడ్. అమ్మకి ఏ పెట్టె మోగుతోందో చెప్పలేదు. నాలుగుసార్లు అటూ ఇటూ మార్చాను. నాలుగోసారికి విసుక్కుంది. "ఏటిరా ఇది, రెండూ ఒకటే. ఎందుకు మాటిమాటికీ ఆపుతావు?"

నా చెవికీ అంతే. యమహాలో వయొలిన్ ఒక వెంట్రుకవాసి నిండుగా ఉందేమో అనిపించింది, కానీ పందెం కాయమంటే కాయను. రిసీవర్లు సంగీతానికి పనికిరావు అన్న పాత మాట ఒకప్పుడు నిజమేమో, నాకు మటుకు ఆ తేడా ఇప్పుడు దొరకలేదు. మా ఇంటికి అప్పుడప్పుడు అమ్మ స్నేహితురాలు బొబ్బిలి వీణ తెస్తుంది. గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి చేసిన ఏకాండి వీణ. అదే హాల్లో ఆవిడ మంద్రం తీగ మీటితే గాజు తలుపు అద్దం సన్నగా అదురుతుంది. ఆ అదురు ఈ రెండు పెట్టెల్లో ఏదీ ఇవ్వలేదు, ఎందుకంటే అది పెట్టె పని కాదు, స్పీకరు పని. నా స్పీకర్లలో కింది స్వరాలు పలికే వూఫరు ఐదంగుళాలే.

రిసీవర్లో సంగీతానికి నిజంగా ప్రమాదం ఏదైనా ఉందంటే అది దాని ఆశ. ఏడు ఛానళ్లు ఉన్నాయి కదా అని ప్రతి పాటనీ ఏడింట్లోనూ మోగించమంటుంది. మేనల్లుడు ఉత్సాహం కొద్దీ తన వెనక స్పీకర్లు రెండూ ఆ ఒక్క పూటకి తగిలించి, మల్టీ ఛానల్ స్టీరియో నొక్కి ఘంటసాల పాట పెట్టాడు. ఈ కళాశాలలోనే చదువుకున్న ఆయన పాటలు చాలావరకు మోనో, అంటే ఒకే ఛానల్లో రికార్డు చేసినవి. ఉన్నది ఒకే గొంతు, ఒకే చోటునుంచి రావాలి. అది నాలుగు మూలల్నించీ ఒక్కసారి వచ్చేసరికి పెళ్లి పందిట్లో మైకు సెట్టు దగ్గర నిలబడ్డట్టుంది. వంటింట్లోంచి అమ్మ, "పాడేవాడు గోడల్నించి పాడతాడేటిరా?" అంది. 1919లో కళాశాల పెట్టినప్పుడు అక్కడ వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 78 ఆర్‌పీఎం రికార్డులు కూడా అంతే, మోనో. వాటిని డైరెక్ట్‌లోనో స్టీరియోలోనో వదిలేయడమే మర్యాద.

ఇంతవరకు చూస్తే యమహా గెలిచినట్టే, ఎందుకంటే అది ఇంట్లో ఉంది, డబ్బు ఖర్చు లేదు. కథ తిరిగింది శనివారం రాత్రి.

రెండు స్పీకర్లతో సినిమా చూస్తే హీరో మాట తెర మధ్యలోంచి వస్తున్నట్టు తోస్తుంది. నిజానికి మధ్యలో ఏమీ లేదు. రెండు వైపులనుంచీ ఒకే మోతలో ఒకేసారి చెవికి చేరితే మెదడు దాన్ని నడుమకి తెచ్చి పెడుతుంది. ఈ గారడీ సరిగ్గా మధ్యలో కూర్చున్నవాళ్లకే. మా హాల్లో ఆ చోటు ఒక్కటే, అందులో బావ కూర్చుంటాడు. ఎడమ పక్క దివాన్ మీద అప్ప, ఆవిడ చెవికి మాటలన్నీ ఎడమ స్పీకర్లోంచే. కింద చాప మీద కుడి మూల పిల్లలు, వాళ్లకి అన్నీ కుడినుంచే. తెర మీద మనిషి అటు, మాట ఇటు. పైగా పాట రాగానే మోత, మాట రాగానే గొణుగుడు. రిమోట్ చేతిలో పట్టుకుని పెంచడం, తగ్గించడం.

మర్నాడు మేనల్లుడు తన సెంటర్ స్పీకర్ కూడా తెచ్చి టీవీ కింద పెట్టాడు. 5.1 సౌండులో (ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, బాస్‌కి ఒక సబ్‌వూఫరు) మాటల్లో ఎక్కువ భాగం ఆ మధ్య ఛానల్‌కే వస్తుంది. ఇప్పుడు దివాన్ మీద కూర్చున్నా, చాప మీద కూర్చున్నా, గుమ్మంలో నిలబడి గిన్నె తుడుస్తున్నా మాట తెర దగ్గర్నుంచే. అంతేకాదు, ఆ ఒక్క ఛానల్ మోతని రెండు మూడు డెసిబెళ్లు విడిగా పెంచుకోవచ్చు. ఇది ఏ స్టీరియో యాంప్లిఫయరూ చేయలేదు. రాత్రి పదకొండు దాటాక పేలుళ్లని అణచి, గుసగుసల్ని పైకి లేపే నైట్ మోడ్ కూడా రిసీవర్లో ఉంటుంది. స్టీరియో పెట్టెలో అదీ లేదు. నాకు లెక్క అక్కడ తేలింది. ఇంట్లో ఎంతమంది ఎక్కడ కూర్చుంటారు అన్నది ముందు ప్రశ్న. వాట్లూ బ్రాండూ ఆ తర్వాత.

వెనక స్పీకర్ల సంగతి అడుగుతారేమో. మా సోఫా వెనక గోడకే ఆనుకుని ఉంటుంది, ఒక పక్క వంటింటి గుమ్మం, ఇంకో పక్క మేడ మెట్లు. మన ఊళ్లో చాలా హాళ్లు ఇంతే. ఆ అమరికలో వెనక స్పీకర్లు తలకి తగిలేలా పెట్టడం కన్నా లేకపోవడం నయం. పైకప్పు స్పీకర్ల అట్మాస్ గురించి నేను మాట్లాడను, స్లాబుకి కన్నాలు పెట్టే ఓపిక నాకు లేదు. ముందు మూడు, ఒక సబ్‌వూఫరు, చాలు.

డెనాన్‌తో పాటు ఒక చిన్న మైకు, దాన్ని నిలబెట్టడానికి మడతపెట్టే అట్ట స్టాండు వస్తాయి. దాన్ని కూర్చునే చోట చెవి ఎత్తున పెట్టి, గదిని కొలవమంటే ఒక్కో స్పీకర్లోంచీ 'ఊయ్' మని కూత వేస్తుంది. ఎనిమిది చోట్లదాకా కొలుస్తుంది. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ మోగకూడదు. మేం నాలుగో చోటికి వచ్చేసరికి వీధిలో కొబ్బరిబొండాల బండి కేక, ఐదో చోటికి కుక్క. మొత్తం మళ్లీ మొదటినుంచి చేశాం, రాత్రి పన్నెండుకి. మాటల్లో స్పష్టత పెరిగింది. కానీ అంతకన్నా ఎక్కువ పెరిగింది నేల మీద పాత జంఖానా పరిచి, ఎదురు గోడకి అమ్మ బొంత వేలాడేసినప్పుడు. టైల్సు, సున్నం గోడ, గాజు తలుపు, ఇవన్నీ శబ్దాన్ని బంతిలా తిప్పికొడతాయి. ఏ యంత్రమూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు.

నడిమి దారి ఒకటుంది, హెచ్‌డీఎంఐ ఉన్న స్టీరియో రిసీవరు. మరాంట్జ్ ఎన్ఆర్1200 అలాంటిదే, 75 వాట్లు, రెండే ఛానళ్లు, టీవీతో ఒక్క తీగతో కలుస్తుంది. ఇద్దరే ఉండే ఇంటికి నేనైతే అదే చెప్తాను. నా యమహాలో హెచ్‌డీఎంఐ లేదు, టీవీనుంచి ఆప్టికల్ తీగ ఇవ్వాలి. ఇచ్చాక శబ్దం రాలేదని కంగారు పడకండి, టీవీ సెట్టింగుల్లో ఆడియోని పీసీఎం (మామూలు స్టీరియో డిజిటల్ సిగ్నల్) చేయాలి, డాల్బీ సిగ్నల్ దానికి అర్థం కాదు. సౌండ్‌బార్ అద్దె ఇంటికి సరే, సొంత హాలుకి నాకు రుచించదు.

రిసీవర్ కొనేవాళ్లు హెచ్‌డీఎంఐ సంగతి మరచిపోవద్దు. టీవీ శబ్దం వెనక్కి రావడానికి ఏఆర్‌సీ 2009లో వచ్చింది, దాని పెద్దన్న ఈఏఆర్‌సీ 2017లో. స్టీరియో పెట్టె ఇరవయ్యేళ్లయినా ముసలిదవదు, రిసీవరు పోర్టులు మారిన ప్రతిసారీ పాతబడుతుంది. నా దగ్గర యమహాకి ముందు ఒక రిసీవరు ఉండేది. వైశాఖంలో ఒక సాయంత్రం పిడుగు పడితే కేబుల్ తీగ గుండా వచ్చి దాని హెచ్‌డీఎంఐ బోర్డు మాడిపోయింది. బాగుచేసే చోట బోర్డు దొరకదన్నారు. ఇంకో రెండేళ్లు దాన్ని ఉట్టి స్టీరియోగా వాడాను. అప్పట్నుంచి ఉరిమితే ప్లగ్గుతో పాటు కేబుల్, నెట్ తీగలు కూడా పీకేస్తాను. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్‌ది (లైన్ కరెంటులా నున్నటి తరంగం ఇచ్చేది) కాకపోతే స్పీకర్లో బుర్రుమని మోత వస్తుంది. అమెరికానుంచి చుట్టాలు తెస్తామంటే వద్దనండి. అక్కడి పెట్టెలు 120 వోల్టులవి, మన 230కి పెట్టిన క్షణంలో పొగ.

ఇక మా ఇంట్లో తేలిందేమిటంటే, హాలుకి రిసీవరే తీసుకున్నాం, మేనల్లుడిదే, వాడి ముందు స్పీకర్లతో సహా, వాడు కొత్తవి కొనుక్కుంటానన్నాడు. యమహాని కూడా దానికే తగిలించి ముందు స్పీకర్లకి వాడదామనుకున్నాను, కానీ ముందు ఛానళ్లకి ప్రీ అవుట్ జాక్‌లు (ఇంకో యాంప్లిఫయరుకి సిగ్నల్ పంపేవి) ఆ మోడల్లో లేవు. మీకు అలాంటి ఆలోచన ఉంటే కొనేముందు వెనకవైపు చూసుకోండి. డబ్బు సంగతైతే, రూపాయిలో పదణాలు స్పీకర్లకి, నాలుగణాలు పెట్టెకి, మిగతా రెండణాలు తీగలకీ జంఖానాకీ అని నా లెక్క. సబ్‌వూఫరు మాత్రం సిరిమానోత్సవానికి చుట్టాలొచ్చేలోపు కొనేశాం.

యమహా ఇప్పుడు పక్కనున్న అమ్మ గదిలో ఉంది, పాత స్పీకర్లతో సహా. అక్కడ కుర్చీ ఒక్కటే, అదీ సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ. శనివారం రాత్రి హాల్లో బాంబులు మరీ ఎక్కువైతే గోడ మీద రెండు దెబ్బలు వినిపిస్తాయి. నేను నైట్ మోడ్ నొక్కుతాను.