6203 జెడ్‌జెడ్ సీ3 బేరింగ్: తోక చూడకుండా కొనకండి

పాత మోటార్ విప్పితే బేరింగ్ రింగు మీద సన్నగా 6203 అని, పక్కనే తోకలా జెడ్‌జెడ్, సీ3 అని కనిపిస్తాయి. మెయింటెనెన్స్‌లో కొత్తగా చేరినవాళ్లు సీరియల్ నంబరేమో అనుకుని వదిలేస్తుంటారు. బేరింగ్ జాతకమంతా అందులోనే ఉంది. 6 అంటే ఒకే వరస బాల్స్ ఉన్న డీప్ గ్రూవ్ రకం. 2 దాని సైజు తరగతి. చివరి 03 లోపలి బోరు, అంటే షాఫ్టు దూరే రంధ్రం, 17 మి.మీ. తప్పులో కాలేసేది ఇక్కడే. 04 నుంచి పైకి 5తో గుణిస్తే చాలు: 04కి 20, 05కి 25. కిందివి మాత్రం కంఠతా పట్టాల్సిందే: 00కి 10, 01కి 12, 02కి 15, 03కి 17.

వర్నియర్ పెడితే 6203 లోపల 17, బయట 40, మందం 12. అదే షాఫ్టుకి 6003 (బయట 35, మందం 10), 6303 (47, 14) కూడా ఎక్కుతాయి. 6203 కూర్చునే ఎండ్ కవర్‌లో (మోటార్ చివరి మూత) మాత్రం 6003 వదులు, 6303 దూరదు. నంబరు అరిగిపోయినా ఈ మూడు కొలతలతో తిరిగి పట్టుకోవచ్చు.

కొలతలతో పట్టుబడనిది తోక. కౌంటర్‌లో "6203 ఇవ్వండి" అంటే చేతికేది దొరికితే అదే ఇస్తారు. జెడ్‌జెడ్ అంటే రెండు పక్కలా రేకు మూత. దుమ్మును బాగానే ఆపుతుంది, నీటిని ఆపదు. మోనోబ్లాక్ పంపులో సీల్ కారితే ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) వైపు బేరింగ్‌కి తుప్పు ఖాయం. అక్కడ రబ్బరు సీల్ ఉన్న 2ఆర్ఎస్ వేయాలి. ఇదే రబ్బరు రకాన్ని ఎన్ఎస్‌కే కంపెనీలో డీడీయూ, ఎన్‌టీఎన్ కంపెనీలో ఎల్ఎల్‌యూ అంటారు. పేరు మారిందని తిరిగిచ్చేయకండి.

సీ3 అంటే లోపలి ఖాళీ మామూలు కంటే ఎక్కువ. ఈ బోరుకి మామూలుది 3 నుంచి 18 మైక్రాన్లు, సీ3కి 11 నుంచి 25. మోటార్ వేడెక్కి లోపలి రింగు వ్యాకోచించినా బాల్స్ బిగుసుకోవు. చేత్తో కదిపితే కొంచెం ఆట తెలుస్తుంది, అది లోపం కాదు. మోటార్‌కి ఇదే సరి. నిశ్శబ్దం కావాల్సిన, పెద్దగా వేడెక్కని చోట మామూలుదే మేలు.

బిగించేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీదే పడాలి. లోపల 18, బయట 23 మి.మీ. లోపు ఉన్న పైపు ముక్క చాలు. బయటి రింగు మీద సుత్తి పడితే ఆ దెబ్బ బాల్స్ మీదుగా వెళ్లి ట్రాక్‌లో గుంటలు పెడుతుంది. కొత్త బేరింగే గరగరమంటుంది, నింద సరుకు మీద పడుతుంది. పుల్లర్‌ని బయటి రింగుకి తగిలించి లాగిన బేరింగ్‌ని మళ్లీ వాడొద్దు. గ్యాస్ మంటతో కాల్చొద్దు, లోపలి గ్రీజు పాడవుతుంది. రేకు ఎత్తి అదనంగా గ్రీజు కూరడం మన దగ్గరో దురలవాటు. ఎక్కువైన గ్రీజు చిలికినట్టయి బేరింగ్‌ని వేడెక్కిస్తుంది.

ఎండ్ కవర్ బోరు అరిగి బయటి రింగే తిరుగుతుంటే ఏ కంపెనీ బేరింగైనా నిలవదు. పంచ్‌తో చుక్కలు కొట్టి బిగించడం నాలుగు రోజుల ముచ్చట, బోరుకి బుష్ వేయించాల్సిందే.

6203 జెడ్‌జెడ్ సీ3కి నా మార్కులు: పొడి చోట నడిచే మోటార్‌కైతే 5కి 4.5, తడి పంపుకి 2. డబ్బా మీద, రింగు మీద నంబరు తోకతో సహా ఒకటేనా అని కౌంటర్ దగ్గరే చూసుకోండి. పేపర్లో చుట్టిచ్చే విడి సరుకు వద్దు.