పనిబల్ల మీద క్లాంపు ల్యాంపు: నాలుగేళ్లు వాడాక చెబుతున్న మాట

ఈ ల్యాంపు నాచేత కొనిపించింది ఒక రెసిస్టర్, కరెంటును అడ్డుకునే చిన్న పార్టు. హనుమకొండలో మా వీధిలోనే టెంట్ హౌస్ నడిపే తమ్ముడు నాలుగేళ్ల కిందట ఒక యాంప్లిఫయర్ తెచ్చి, "అన్నా, ఎల్లుండి పెళ్లికి కావాలె, ఎట్లనన్న చేసి ఇయ్యి" అన్నాడు. లోపల ఒక రెసిస్టర్ మాడిపోయి ఉంది. డబ్బాలోంచి కొత్తది తీసి, రంగులు చూసుకుని, అతికించాను. ఆన్ చేస్తే గరగర తప్ప పాట లేదు. రాత్రి ఒంటిగంట దాకా బోర్డంతా వెతికాను. తెల్లారి కిటికీ దగ్గరికి పట్టుకెళ్తే తప్పు ఒక్క చూపులో దొరికింది.

నీలం రంగు రెసిస్టర్ల మీద ఐదు గీతలుంటాయి, రెసిస్టర్ విలువ ఎన్ని ఓమ్‌లో ఆ రంగులే చెబుతాయి. మొదటి నాలుగూ గోధుమ, నలుపు, నలుపు, గోధుమ అయితే 1,000 ఓమ్‌లు. ఆ నాలుగోది ఎరుపైతే 10,000. మిగతావన్నీ ఒకటే. నా బల్ల మీదున్న చౌక ఎల్‌ఈడీ బల్బు కింద ఆ ఎరుపు గోధుమలాగే కనిపించింది. అతికించే ముందు మీటరు పెట్టి కొలవాల్సింది, నిజమే. కానీ ఆ రోజు నుంచి వెలుతురు సంగతి పట్టించుకోవడం మొదలుపెట్టాను.

మా వెనక గదిలో నాలుగడుగుల ప్లైవుడ్ బల్ల ఉంది. డ్యూటీ నుంచి వచ్చాక ఏడు గంటల నుంచి పది దాకా అక్కడే ఉంటాను: మిక్సీలు, ఛార్జర్లు, పాత రేడియోలు. వయసు 47, చత్వారం వచ్చింది. వరంగల్ జేపీఎన్ రోడ్డులో ఒక షాపులో 1,150 రూపాయలకు, రెండు మడతల స్ప్రింగు చేయి ఉన్న, బల్ల అంచుకు బిగించే క్లాంపు ల్యాంపు కొన్నాను. దాంతో బల్బు రాదు, హోల్డర్ మాత్రమే ఉంటుంది. ఎల్‌ఈడీలు లోపలే బిగించి వచ్చేవాటిని కావాలనే వదిలేశాను. అవి పోతే ల్యాంపు మొత్తం పోయినట్టే. దీనికి 120 రూపాయల బల్బు మార్చుకుంటే సరిపోతుంది. మన ఇళ్లలో ఎక్కువగా పిన్ను టైపు బల్బులుంటాయి, ఈ ల్యాంపులు కొన్ని మర టైపు హోల్డర్‌తో వస్తాయి. కొనే ముందే అడగండి.

బల్బు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. డబ్బా మీద అందరూ చూసేది వాట్లు. నేను ఇప్పుడు ముందు చూసేది సీఆర్ఐ. రంగులు ఎండలో కనిపించినంత నిజంగా కనిపిస్తాయా లేదా అని చెప్పే అంకె అది, 100కు ఎంత దగ్గరైతే అంత మంచిది. మామూలు బల్బులు 80 దగ్గర ఉంటాయి, వాటిలో ముందు దెబ్బతినేది ఎరుపే. 90 దాటిన 9 వాట్ల బల్బు పెట్టాక, ఎరుపు, నారింజ, గోధుమ దేనికది విడిగా కనిపిస్తున్నాయి. ఇంకో అంకె కెల్విన్లు. 2700 అంటే పాత బుగ్గ పసుపు, 6500 అంటే నీలం కొట్టే తెలుపు. చాలా మంది 6500 కొంటారు, ఎక్కువ వెలుతురు అనిపిస్తుంది కాబట్టి. నేను ఏడాది 6500 వాడి 4000కు మారాను. మూడు గంటలు కూర్చున్నాక కళ్లు లాగడం తగ్గింది. ఇంకో లాభం మృగశిర కార్తెలో తెలిసింది. తొలి వాన పడగానే ఉసిళ్లు తెల్ల బల్బు చుట్టూ మూగి, రెక్కలు రాలి విప్పిన బోర్డు మీద పడేవి. 4000కి వచ్చాక అవి పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గాయి.

అయితే బల్బు కంటే ముఖ్యమైన సంగతి నాకు మా మేనమామ చెప్పాడు. ఆయన కరీంనగర్‌లో వెండి తీగ పని చేస్తాడు. వెంట్రుకంత తీగను చుట్టి పువ్వులు, ఆకులు అల్లుతాడు. ఒకసారి మా ఇంటికి వచ్చి నా బల్ల చూసి, "బుగ్గ ఎంత పెద్దదని కాదు అల్లుడా, వెలుతురు ఎటు నుంచి పడుతున్నదో చూడు. నీ చెయ్యి నీడ నీ పని మీదనే పడుతున్నది" అన్నాడు. ల్యాంపును కుడి నుంచి ఎడమకు మార్చాడు, అంతే. నాది కుడిచేతి వాటం. అప్పటిదాకా సోల్డరింగ్ ఐరన్ మొన ఎక్కడ ఆనుతుందో అక్కడే చీకటి పెట్టుకుని కూర్చున్నాను. ఎడమచేతి వాటం వాళ్లు కుడివైపు పెట్టుకోవాలి.

దగ్గరికి లాగగలగడం ఈ స్ప్రింగు చేయి అసలు బలం. వెలుతురు దూరాన్ని బట్టి చాలా తొందరగా పడిపోతుంది, దూరం సగం చేస్తే నాలుగింతలవుతుంది. పైన ట్యూబ్‌లైటు ఒక్కటే ఉంటే బల్ల మీద నా ఫోన్ మీటరు 140 లక్సులు (వెలుతురు కొలత) చూపించింది. ల్యాంపు 80 సెంటీమీటర్ల ఎత్తులో 400 దాకా, 40కి దించితే 1500 దాటింది. ఫోన్ అంకెలు అంత కచ్చితం కాదు, పోల్చుకోవడానికి పనికొస్తాయి. ట్యూబ్‌లైటు మాత్రం ఆర్పకండి. గదంతా చీకటిగా ఉండి బల్ల ఒక్కటే వెలిగితే కళ్లు ఇంకా అలసిపోతాయి.

ఇక డ్రై సోల్డర్, అంటే సరిగా పట్టుకోని అతుకు. ఒక పిన్ను చుట్టూ వెంట్రుకవాసి చీలిక ఉంటుంది, తడితే పాట వస్తుంది, వదిలితే పోతుంది. పైనుంచి ఎంత వెలుతురు కొట్టినా అది కనిపించదు, సీసం అంతా ఒకే మెరుపుగా ఉంటుంది. ల్యాంపు తలను బల్లకు ఆనేంత కిందికి దించి, వెలుతురును బోర్డు మీదుగా అడ్డంగా వేయండి. పొద్దు వాలేటప్పుడు చెలకలో సాళ్లు ఎట్లా లేచి కనిపిస్తాయో, అట్లా పిన్ను చుట్టూ నల్లటి ఉంగరం తేలుతుంది. బోర్డును మెల్లగా తిప్పితే ఆ ఉంగరం ఒకవైపు మందంగా, ఒకవైపు సన్నగా మారుతుంది. ఐసీల (చిప్పుల) మీద లేజర్‌తో చెక్కిన నంబర్లు చదవడానికీ ఇదే పద్ధతి. నాలుగేళ్లలో ఈ ల్యాంపు నాకు ఎక్కువ పని చేసిపెట్టింది ఇక్కడే.

మధ్యలో చుట్టూ ఎల్‌ఈడీలున్న భూతద్దం ల్యాంపు కూడా కొన్నాను. మొదట 5 డయాప్టర్లది (డయాప్టరంటే అద్దం పవరు కొలత) తెచ్చాను, పెద్దగా చూపిస్తుందని. అద్దం బోర్డుకు 20 సెంటీమీటర్ల లోపలే ఉండాలి, ఐరన్ పట్టుకున్న చేతికి చోటు చాలలేదు. 3 డయాప్టర్లదానికి మార్చుకున్నాను. అది 33 సెంటీమీటర్ల దాకా చోటిస్తుంది, ముప్పావు వంతు పెద్దదిగా చూపిస్తుంది. నా పనికి అది చాలు. చిన్న చిన్న పార్టులు అతికించడానికి బాగుంటుంది, చీలికలు వెతకడానికి కాదు. అన్ని వైపుల నుంచీ వెలుతురు పడితే నీడే ఉండదు, నీడ లేకపోతే చీలిక దొరకదు. మూత వేయడం మరిచిపోవద్దు. ఒక రోజు కిటికీ ఎండ ఆ అద్దంలోంచి పడి నా ప్లైవుడ్ మీద శనగ గింజంత నల్లమచ్చ పడింది.

ఇప్పుడు లోపాలు. మొదటి బల్బు రెండో ఎండాకాలం దాటలేదు. ల్యాంపు తల రేకు గొట్టం పైన గాలి రంధ్రాలు లేవు, బల్బు తలకిందులుగా ఉంటుంది, వేడంతా పైకెళ్లి దాని డ్రైవర్ (బల్బు లోపలి సర్క్యూట్) దగ్గరే చేరింది. మే నెలలో 44 డిగ్రీల గదిలో అది ఎట్లా బతుకుతుంది? డ్రిల్లుతో పైన ఆరు రంధ్రాలు చేశాను, రెండో బల్బు ఇంకా వెలుగుతోంది. మూడో ఏడు దీనికంటే పెద్ద సమస్య వచ్చింది. మడత దగ్గర స్ప్రింగు రాసుకుని వైరు తోలు లేచింది, ల్యాంపు చేయి పట్టుకుంటే జిల్లుమంది. ఇనుప ల్యాంపుకు రెండు పిన్నుల ప్లగ్గు ఇచ్చి అమ్మడం ఆ కంపెనీ చేసిన అసలు తప్పు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే. మూడు తీగల వైరు వేసి, ఎర్తు తీగను చేయికి బిగించి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టాను. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఈ పని మొదటి రోజే చేయించండి. మరలు ఆర్నెల్లకొకసారి వదులవుతాయి, అది పెద్ద బాధ కాదు.

డ్రిల్లింగ్ మిషన్ వాడేవాళ్లు వెలుతురు వణుకు కూడా చూసుకోవాలి. పాత చోకు ట్యూబ్‌లైటు మన 50 సైకిళ్ల కరెంటు మీద సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. డ్రిల్లు బిట్టును పట్టుకునే మూడు దవడల చక్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే ఆ వెలుతురులో ఆగినట్టు కనిపించొచ్చు. ఆగిందనుకుని చెయ్యి పెట్టే ప్రమాదం ఉంది. చౌక ఎల్‌ఈడీల్లోనూ ఈ వణుకు ఉంటుంది.

అందుకే ఇప్పుడు బల్బు కోసం షాపుకెళ్తే జేబులో రెండు రెసిస్టర్లు వేసుకుని వెళ్తాను, ఒకటి 1,000ది, ఒకటి 10,000ది. బల్బు వెలిగించి చూపించమని అడిగి, దాని కింద గీతలు చదువుతాను. తర్వాత ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి బల్బు వీడియో తీస్తాను. వెలుతురు కొట్టుకుంటే ఆ బల్బు తిరిగి ఇచ్చేస్తాను. జేపీఎన్ రోడ్డు షాపాయన మొదట్లో వింతగా చూసేవాడు. పోయిన నెల వెళ్తే, "సార్, ఇది మీ ఫోన్‌లో కొట్టుకోదు, నేను చూసే పెట్టిన" అని పక్కన తీసి పెట్టిన బల్బు చేతికిచ్చాడు.