ఎడక్కల్‌లో ఆ గోడ ముందు ఒక పూట

కేరళలోని వయనాడ్ వెళ్లిన మనవాళ్లు చాలామంది అక్కడి ఎడక్కల్ గుహను ఒక సరస్సుకూ ఒక జలపాతానికీ మధ్య ముగించుకుని వచ్చేస్తారు. మొదటిసారి మేమూ అంతే. అప్పుడు కల్పెట్టలో ఒక లాడ్జిలో దిగాం. వేడినీళ్లు ఉంటాయన్నారు, రెండు రోజులూ రాలేదు. పైగా రాత్రంతా లారీల మోత. ఈసారి గుహకు దగ్గరగా, అంబలవయల్‌లో కాఫీ తోట మధ్య ఉన్న ఒక ఇంట్లో గది తీసుకున్నాం. రాత్రి కర్రపెండలం, చేపల పులుసు పెట్టారు. తెల్లవారి టిఫిన్ కానిచ్చి, గేటు తెరిచే వేళకు వెళ్లిపోయాం. నా మాట వింటే బస అక్కడే చూసుకోండి.

ఎడక్కల్ అంటే ‘నడుమ ఇరుక్కున్న రాయి’. మనం కల్లుప్పు అంటామే, ఆ కల్లే ఇది. నిజానికి ఇది గుహ కాదు. అంబుకుత్తి కొండలో పెద్ద బండ నిలువునా చీలింది. ఆ చీలిక మీద మరో బండ పడి ఇరుక్కుని కప్పుగా నిలిచింది. పొడవు సుమారు 96 అడుగులు, వెడల్పు 22. పైనున్న సందులోంచే వెలుతురు దిగుతుంది.

లోపలికి వెళ్లగానే కనిపించేవి అడ్డదిడ్డంగా కోసుకుపోయిన గీతలే. చాలామంది అక్కడే ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. కాసేపు కదలకుండా నిలబడండి. ముందు ఒక చక్రం తేలింది. తర్వాత తలమీద పెద్ద అలంకారం పెట్టుకున్న మనిషి, చేతులు చాచి. ఒకసారి కనబడ్డాక ఇక ఆ మనిషి కంటి ముందు నుంచి పోడు. ఇవి నవీన శిలాయుగపు చెక్కుళ్లంటారు. పక్కనే ఎన్నో శతాబ్దాల తర్వాతి తమిళ బ్రాహ్మీ (తమిళం రాసిన పాత లిపి) అక్షరాలు. వీటిని లోకానికి తెలియజేసిన పోలీసు అధికారి ఫ్రెడ్ ఫాసెట్, బళ్లారి దగ్గర కప్పగల్లు కొండమీది రాతి బొమ్మల గురించి కూడా రాశాడు. బళ్లారి చుట్టాలింటికి వెళ్లినప్పుడల్లా ఆ కొండ పక్కనుంచే పోయి కూడా ఒక్కసారీ ఆగలేదని బాధేసింది.

ఎక్కడం తేలిక కాదు. వాహనాలు ఆగే చోటి నుంచి ఎగుడు దారి, ఆపైన నిటారు ఇనుప మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ దారిలో ముందు వచ్చే కింది చిన్న గుహ దగ్గరే ఆగిపోయింది. పెద్దవాళ్లను తీసుకెళ్తే ముందే చెప్పి ఉంచండి. వానలో రాళ్లు జారతాయి. సోమవారం సెలవు. మైసూరు మీదుగా వచ్చేవాళ్లు బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారని గుర్తుంచుకోవాలి.

దిగాక అంబలవయల్ మ్యూజియం చూశాం. వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు) బాగున్నాయి, అరగంట చాలు.

పైన కాపలా ఆయన ఎవరినీ గోడ మీద చెయ్యి వేయనివ్వలేదు. గీతలపక్కనే ఎవరో మేకుతో గీకిన పేర్లు ఉన్నాయి. ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ పేర్ల ఎదురుగానే నిలబడాలి.