తెగిన వేళ్లు మోగించిన ఊరు

2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగిన ఐరన్ మెయిడెన్ అనే బ్రిటిష్ మెటల్ బృందం కచేరీకి హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో వెళ్లి వచ్చిన నాటి నుంచీ, హెవీ మెటల్ అనే బరువైన రాక్ సంగీతం పుట్టిన ఇంగ్లండు నగరం బర్మింగ్‌హామ్‌ను ఒక్కసారైనా చూడాలని ఉండేది. ఆ కోరిక 2024 అక్టోబరులో తీరింది.

దారిలో లండన్‌లో ఒక పూట ఆగాను. పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందం వారి 'యానిమల్స్' ఆల్బమ్ అట్ట మీద కనిపించే బాటర్‌సీ విద్యుత్ కేంద్రం 2022 నుంచి దుకాణాల సముదాయంగా నడుస్తోంది. ఒక పొగగొట్టం లోపలి నుంచి 109 మీటర్ల ఎత్తుకు తీసుకువెళ్లే లిఫ్టు కూడా ఉంది కానీ, దానికి టికెట్టు కొనాలనిపించలేదు. ఆ నాలుగు పొగగొట్టాలనూ అట్ట మీద ఉన్నట్టు చూడాలనుకునేవారు పైకెక్కడం కన్నా థేమ్స్ నది అవతలి ఒడ్డున నిలబడడమే మేలు. 1976 డిసెంబరులో ఆ అట్ట ఫొటోల కోసం కట్టిన గాలి నింపిన పంది బొమ్మ తాడు తెంపుకుని ఎగిరిపోయింది ఈ ఆకాశంలోకే కదా అని కాసేపు చూస్తూ ఉండిపోయాను.

లండన్ యూస్టన్ నుంచి బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌కు రైలులో గంటన్నర లోపే చేరుకోవచ్చు. టికెట్టు ముందుగా తీసుకుంటే చాలా చవక. నేను ఆ రోజే కొని ఆ తేడా ఎంతో తెలుసుకున్నాను. స్టేషన్‌లోనే ఒక పెద్ద యాంత్రిక వృషభం స్వాగతం చెబుతుంది, దాని పేరు ఆజీ, ఈ ఊరి గాయకుడు ఆజీ ఆస్బోర్న్ పేరే. బస విషయంలో మాత్రం పొరపాటు చేశాను. బ్రాడ్ స్ట్రీట్ దగ్గర దిగిన చిన్న హోటల్లో గది శుభ్రంగానే ఉన్నా, శుక్రవారం రాత్రి ఆ వీధి తెల్లవారుజాము దాకా నిద్రపోదు; పైగా అద్దెలో కలిసి ఉందనుకున్న ఉదయపు ఫలాహారానికి విడిగా డబ్బు తీసుకున్నారు. నిద్ర ముఖ్యమనుకునేవారు ఆ వీధికి కాస్త దూరంగా దిగడం మంచిది.

అయితే ఆ వీధిలోనే, హెవీ మెటల్‌కు ఆద్యులైన ఈ ఊరి బృందం బ్లాక్ సబాత్ పేరు పెట్టిన కాలువ మీది వంతెన ఉంది. 2019లో అక్కడ పెట్టిన బల్ల మీద బృందంలోని నలుగురి ముఖాలూ, వాటితో పాటు వారు జట్టుకట్టిన 1968 అన్న సంవత్సరమూ ఉన్నాయి. పైసా ఖర్చు లేదు, వరుసలో నిలబడే పని లేదు. ట్రాములు పక్కనుంచే పోతుంటాయి. నేను అక్కడ గంటకు పైగా కూర్చుని వారి తొలి ఆల్బమ్ మొత్తం విన్నాను. రేకుల కర్మాగారంలో పని మానేసే రోజునే యంత్రం కింద పడి ఆ బృందపు గిటారు వాద్యకారుడు టోనీ అయామీ కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతడు ఎడమచేతి వాటం వాడు కనుక తీగలను నొక్కవలసినవి సరిగ్గా ఆ వేళ్లే. కరిగించిన ప్లాస్టిక్ సీసాతో తొడుగులు చేసుకుని, సన్నని తీగలు వేసుకుని, 1971 నాటికి శ్రుతిని మూడు అరస్వరాలు దించి, మనం ఇవాళ మెటల్ అంటున్న ఆ బరువైన నాదాన్ని తెచ్చాడు. మన వైణికులెవరైనా ఈ కథ వింటే, గిటారు మీద వారికి గౌరవం పెరగకపోయినా ఆ వేళ్ల మీద తప్పక పెరుగుతుంది.

స్టేషన్ స్ట్రీట్‌లో వారు తొలినాళ్లలో వాయించిన క్రౌన్ పబ్బు 2014 నుంచి మూతపడి ఉంది. అటుగా వెళ్తే చూడండి, అంతే.

రెండో రోజు రైలులో పది నిమిషాల లోపే ఆస్టన్ చేరాను. లాడ్జ్ రోడ్డులో బ్లాక్ సబాత్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ పెరిగిన 14వ నంబరు ఇల్లు ఇరుకైన వరుస ఇళ్లలో ఒకటి. చుట్టూ కాపురాలున్న వీధి కనుక ఫొటో ఒక్కటి తీసుకుని కదలడమే మర్యాద. అక్కడి నుంచి నడిచి విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానం దాకా వెళితే ఆ రోజు ఆట లేదు, గేట్లు మూసి ఉన్నాయి. సంగీతంతో దీనికి సంబంధమేముందిలే అనుకుని వెనుదిరిగాను. 2025 జూలై 5న ఆ నలుగురూ తమ ఆఖరి కచేరీ చేసింది ఆ గేట్ల వెనకనే. 17 రోజుల తరువాత ఆజీ కన్నుమూశాడు.