చలికాలంలో కృష్ణ వెనుక జలాల మీద చేపల వేట: వైజాగ్ కాలనీ, సాగర్, సోమశిల

పడవలో కూర్చుని గాలం వేయాలన్న కోరిక ఉన్న నల్లగొండ వాసి సముద్రతీరాన ఉన్న సూర్యలంకకో నిజాంపట్నానికో పోనక్కరలేదని, నాగార్జునసాగర్ వెనుక జలాల్లోనే ఆ ఆనందం నిండుగా దొరుకుతుందని ఈ చలికాలం నాకు బాగా తెలిసివచ్చింది. నా వెంట వచ్చిన మిత్రుడు బాపట్ల ప్రాంతంవాడు. ఉద్యోగరీత్యా నల్లగొండలో స్థిరపడినా, సముద్రం మీద పడవల్లో తిరిగిన బాల్యం ఆయనది. ఉప్పునీటి వేట ఎరిగిన మనిషి పక్కన ఉండడం వల్ల, నేనొక్కడినే వెళ్లి ఉంటే గమనించని సంగతులు ఎన్నో తెలిశాయి.

మేము ఎంచుకున్నది నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ. ఉత్తర కోస్తా నుంచి వచ్చి, ఇక్కడే స్థిరపడి, చేపల వేటే బతుకుతెరువు చేసుకున్న కుటుంబాల వల్ల ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండల మీదుగా వెళ్లాలి. దేవరకొండ దాటాక పెద్ద హోటళ్లు లేవు కనుక తాగునీరు, పెట్రోలు, మందులు దేవరకొండలోనే చూసుకోవడం మంచిది. చివరి భాగంలో రోడ్డు సన్నబడి మలుపులు తిరుగుతుంది. చీకటి పడ్డాక కొత్తవారు ఆ దారిన కారు నడపకపోవడమే క్షేమం.

వెళ్లేముందు జలాశయం నీటిమట్టం తెలుసుకోవాలి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. యాసంగి పంటలకు కాలువలు వదిలాక నీరు రోజురోజుకూ వెనక్కి జరుగుతుంది. నిండుగా ఉన్నప్పుడు గట్టు మీది నుంచే పడవ ఎక్కవచ్చు. తగ్గినప్పుడు మాత్రం రాళ్లూ ఒండ్రూ దాటి చాలా దూరం నడవాలి, పెద్దవాళ్లు వెంట ఉంటే ఇది చిన్న ఇబ్బంది కాదు. సముద్రంలో పోటుపాట్లను బట్టి వేటకు వేళ చూసుకుంటారని, ఇక్కడ ఆ లెక్క ఎండకూ, కాలువలకు వదిలే నీటికీ మారిందని మా మిత్రుడు అన్న మాట నాకు చాలా నచ్చింది.

తెల్లవారకముందే పడవ ఎక్కాలని మేము తొందరపడితే పడవ నడిపే పెద్దాయన ఒప్పుకోలేదు. "ఎండ ఎక్కనీయండి బాబూ, చలికి చేప అడుగునే ఉంటాది" అన్నాడు. అది అనుభవం చెప్పిన మాటే. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి మారుతుంది కనుక చల్లటి వేళ దాని ఆకలి మందగిస్తుంది, కదలికా తగ్గుతుంది. పొగమంచు విడిపోయి, ఎండ నీళ్ల మీద పడిన తరువాత గానీ గాలం దారానికి కట్టి నీళ్ల మీద తేలే మా బెండు కదలలేదు.

ఎర తయారు చేసిన తీరు దగ్గర కూర్చుని చూడదగినది. నూనె తీశాక మిగిలే పల్లిచెక్కను రాయితో మెత్తగా నూరి, తవుడు, గోధుమపిండి కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ ఆయన ముద్ద చేశాడు. వేళ్లకు అంటుకోకుండా, నీళ్లలో వెంటనే విడిపోకుండా ఉండేదాకా పిసికి, ఆ ముద్దలో నుంచి ఉసిరికాయంత తీసి గాలం ముల్లు పూర్తిగా కనపడకుండా కప్పాడు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీళ్లలో మేస్తుంది. రోహు నడిమి నీళ్లలోనూ, మ్రిగాల అడుగునా తిరుగుతాయి. అందుకే ఒకే పడవలో మూడు గాలాలను మూడు లోతుల్లో వేయించాడు. చలిరోజుల్లో బొచ్చె కూడా కిందికి దిగుతుందని ఎర మరింత లోతుకు దిగేలా బెండును దారం మీద మామూలు కంటే పైకి జరిపాడు. మాకు దొరికిన మంచి చేప ఆ గాలానికే పడింది. దారం సర్రున సాగి, పడవ ముక్కు దానివైపు తిరిగినప్పుడు సముద్రపు వేట చూసిన మిత్రుడు కూడా లేచి నిలబడబోయాడు. పెద్దాయన వెంటనే భుజం పట్టి కూర్చోబెట్టాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మేము మొదట మాట్లాడుకున్న పడవలో లైఫ్ జాకెట్లు లేవు. అడిగితే "ఏమీ కాదు" అన్న సమాధానం వచ్చింది. మేము ఆ పడవ వదిలి, జాకెట్లు ఉన్న ఈ పెద్దాయన పడవ కోసం గంటసేపు ఆగాము. లోతు తెలియని నీళ్లు, అడుగున రాళ్లు, పాత చెట్ల మొదళ్లు, పైగా ఈ జలాశయంలో మొసళ్లు ఉన్నాయి. ఈత వచ్చినవారు కూడా జాకెట్ వేసుకోకుండా కదలకూడదు. కిరాయి, సమయం, పట్టిన చేప ఎవరిది అన్న మూడు సంగతులు ఒడ్డునే మాట్లాడుకోవాలి. ఆ నీళ్ల మీద హక్కు మత్స్యకారులది. వాళ్లు కట్టిన వలల దగ్గర గాలం వేయడం వాళ్ల కడుపు కొట్టడమే.

భోజనం విషయంలో వైజాగ్ కాలనీకి సాటి లేదు. అప్పుడే పట్టిన చేపను కోసి, కారం, అల్లంవెల్లుల్లి, ఉప్పు పట్టించి పెనం మీద ఎర్రగా వేయించి ఇస్తారు. చేప ధర వేరు, వండినందుకు ఇచ్చేది వేరు. బస మాత్రం అంతంత మాత్రమే. ఒడ్డున గుడారాలు దొరుకుతాయి గానీ రాత్రి చలి గాలికి పలచని దుప్పటి ఆగదు. శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం కష్టం. ఆడవాళ్లు, పిల్లలు ఉంటే రాత్రికి అక్కడ ఉండమని నేను చెప్పను.

మేము రాత్రి బసకు సాగర్ వెళ్లాము. మొదట దిగిన ఒక ప్రైవేటు లాడ్జిలో వేడినీళ్లు ఇస్తామని చెప్పి ఉదయం ఇవ్వలేదు, అడిగినా పట్టించుకున్నవారు లేరు. మరునాడు పర్యాటక శాఖ వారి విజయ విహార్‌కు మారాము. గదులు పాతబడినా జలాశయం వైపు తెరుచుకునే వరండా ఒక్కటే ఆ ధరకు తగినది. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. సాగర్‌లో గాలం వేసేవారికి చేయగలిగింది తక్కువ. డ్యామ్ దగ్గర భద్రతా ఆంక్షలు ఉంటాయి, పర్యాటక లాంచీలు వేటకు పనికిరావు. జలాశయం మధ్య ద్వీపం మీదున్న నాగార్జునకొండ మ్యూజియం చూడాలనుకుంటే శుక్రవారం సెలవని గుర్తుంచుకోవాలి. నీట మునిగిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అవశేషాలను ఆ ద్వీపం మీద చూశాక, మన పడవ కింద ఎంత చరిత్ర ఉందో తెలుస్తుంది.

కొల్లాపూర్ దగ్గరి సోమశిలను కూడా చూసి వచ్చాము. శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు అక్కడ నల్లమల కొండల మధ్య విశాలంగా పరుచుకుంటాయి. నీళ్ల ఒడ్డున ఉన్న హరిత కాటేజీలు మేము చూసిన వాటన్నిటిలో నెమ్మదైనవి. సోమేశ్వరాలయం దగ్గర్లోనే ఉంది. అవతలి ఒడ్డు వైపున్న సంగమేశ్వరాలయం మాత్రం జలాశయం నిండి ఉన్నంతకాలం మునిగే ఉంటుంది కనుక చలికాలంలో దాని కోసం పడవ మాట్లాడుకోవడం వృథా. వేటకు తీసుకెళ్లే పడవ దొరకడం వైజాగ్ కాలనీలో ఉన్నంత సులువు కాదు. అమ్రాబాద్ అడవి అంచుల్లో అనుమతి లేకుండా ఒడ్డున దిగి మంట వేయకూడదు.

కుటుంబంతో రెండు రోజులు హాయిగా గడపాలంటే సోమశిల. గాలమే ప్రాణమైతే సాగర్‌లో పడుకుని, తెల్లవారాక బయలుదేరి, ఎండ ఎక్కే వేళకు వైజాగ్ కాలనీ పడవ ఎక్కండి. మా మిత్రుడు వచ్చే సంక్రాంతి సెలవులకు అదే పెద్దాయనతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకున్నాడు.