ఫ్యూయల్ పంపు మార్చాలి: ఇంటి దగ్గరా, షెడ్డులోనా, సర్వీసు సెంటర్లోనా?

పెట్రోలు కారు తాళం సగం తిప్పగానే వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు 'జుయ్' మని సన్నని శబ్దం వస్తుంది. ట్యాంకులో పెట్రోలులో మునిగి ఉండే కరెంటు పంపు చేసే చప్పుడది. అది వినిపించక, సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజిన్ అందుకోకపోతే, శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా యజమానికి మూడు దారులుంటాయి: తానే విప్పి మార్చుకోవడం, తెలిసిన మెకానిక్ షెడ్డుకు చేర్చడం, కంపెనీ సర్వీసు సెంటర్‌కు పంపడం. వీడియోలు చూస్తే మొదటిది నల్లేరు మీద బండి నడకలా కనిపిస్తుంది. నా మొగ్గు మాత్రం రెండో దారికి, అదీ ఒక షరతు మీద.

దానికంటే ముందు, పైసా ఖర్చు లేని దారి ఏమైనా ఉందేమో చూసుకోవాలి. 2019 జూలై, నవంబరు మధ్య తయారైన 11,851 బలేనోలను, 4,190 వ్యాగన్ ఆర్‌లను ఫ్యూయల్ పంపు మోటారులో లోపం ఉండవచ్చని మారుతి సుజుకి 2024 మార్చిలో వెనక్కి పిలిచింది. అదే ఏడాది అక్టోబరులో హోండా కూడా పంపు మార్చడానికి 90 వేలకు పైగా పాత కార్లను పిలిచింది. ఇలాంటివి ఉచితంగా మారుస్తారు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొడితే మీ బండి జాబితాలో ఉందో లేదో తెలిసిపోతుంది. వారంటీ ఉన్న బండిని కూడా సొంతంగా విప్పకూడదు. విప్పిన ఆనవాళ్లు కనిపిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు.

ఇక అసలు ప్రశ్న: చెడింది పంపేనా? చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఫ్యూజు కాలినా, పంపుకు కరెంటు వదిలే చిన్న స్విచ్చు లాంటి రిలే మొరాయించినా, కనెక్టరు పిన్నులకు చిలుము పట్టినా పంపు మూగబోతుంది. కళింగపట్నం, భీమిలి వైపు ఉప్పుగాలికి నిలబడే బండ్లలో ఈ చివరిది మరీ ఎక్కువగా అనుమానించాలి. ఫ్యూజు పెట్టెలో అదే నంబరుతో మరో రిలే ఉంటే దాన్ని పీకి పంపు రిలే స్థానంలో పెట్టి చూడవచ్చు. మల్టీమీటరు ఉంటే తాళం తిప్పిన ఆ రెండు సెకన్లలో కనెక్టరు దగ్గరికి 12 వోల్టులు వస్తున్నాయా, ఎర్త్ సరిగా ఉందా అని కొలవాలి. కరెంటు వస్తున్నా పంపు తిరగకపోతే దోషం దానిదే. తిరుగుతూనే ఒత్తిడి తగ్గిన పంపుతో మరో తంటా ఉంది. ఊళ్లో బండి బాగానే నడుస్తుంది, సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కేటప్పుడు నీరసపడుతుంది. ఆ రకం జబ్బును చెవితో పట్టలేం, ప్రెజర్ గేజి కావాలి. చాలా పెట్రోలు కార్లలో ఆ ఒత్తిడి 3 బార్‌కు అటూ ఇటూగా ఉంటుంది. కచ్చితమైన అంకె మీ మోడల్ మాన్యువల్‌లో చూడాలి.

ఇంటి దగ్గర చేసుకోవచ్చా అన్నది బండి నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. వెనక సీటు ఎత్తితే ట్యాంకు మీద చిన్న మూత కనిపించే కార్లలో ఇది నిజంగానే చేతిపనే. మూత లేని వాటిలో ట్యాంకునే దించాలి. పది లీటర్లు మిగిలి ఉన్నా ఏడు కిలోలకు పైగా బరువు దాని కడుపులో అటూ ఇటూ ఊగుతుంది. జాకీ మీద నిలబెట్టిన బండి కింద పడుకుని ఆ పని చేయమని ఎవరికీ చెప్పను. ఇప్పటి డీజిల్ కార్లలో వాడే కామన్ రైల్ పద్ధతి అయితే ఇంజిన్ పక్కన ఉండే హై ప్రెజర్ పంపు వెయ్యి బార్‌లు దాటి పనిచేస్తుంది. ఆ జోలికి అసలే పోవద్దు.

మూత ఉన్న బండే అనుకుందాం. ట్యాంకు పావు కంటే తక్కువ ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. పంపు ఇంకా కాస్తో కూస్తో తిరుగుతుంటే దాని ఫ్యూజు తీసి ఇంజిన్ ఆగిపోయేదాకా నడిపిస్తే పైపులో ఒత్తిడి దిగుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. మూత చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మును, ఇసుకను బ్రష్షుతో, తడిగుడ్డతో పూర్తిగా తీయాలి. ఈ పని ఎగ్గొడితే, పంపును ట్యాంకుకు బిగించి ఉంచే రింగు కదలగానే ఆ ఇసుకంతా ట్యాంకులోకి జారి, పెట్రోలు వడకట్టే కొత్త పంపు జాలీకి పట్టుకుంటుంది. ప్లాస్టిక్ రింగును ఇనుప స్క్రూడ్రైవరుతో కొట్టకూడదు, చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టాలి. పైకి తీసేటప్పుడు పెట్రోలు మట్టం చూపే ఫ్లోటు కడ్డీ అంచుకు తగిలి వంగితే, ఆ తర్వాత మీటరు చెప్పేదంతా అబద్ధమే.

నా అభ్యంతరం ఈ విప్పదీతల మీద కాదు, ఆవిరి మీద. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. మన ఇళ్లలో కారు నిలిపే చోటు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి: వరండాలో ఇన్వర్టరు, గోడకు బోరు మోటారు స్టార్టరు, రెండడుగుల అవతల వంటింటి తలుపు, సాయంత్రమైతే తులసికోట దగ్గర దీపం. అంటుకోవడానికి స్టార్టరులో ఒక్క నిప్పురవ్వ చాలు. ఇల్లు ఇలా ఉంటే నైపుణ్యం ఎంత ఉన్నా పని చేయకూడదు. ఆరుబయట, పగటిపూట, పక్కన మంటలార్పే డ్రై పౌడర్ సిలిండరు, తోడుగా ఒక మనిషి ఉంటేనే ఆలోచించాలి. పెట్రోలు మంటపై నీళ్లు పోస్తే మంట మరింత పరుచుకుంటుంది. ఇంతా చేసి మిగిలేది కూలి మాత్రమే, సామాను ఖర్చు ఎలాగూ తప్పదు.

షెడ్డులో లాభం అనుభవం. నష్టం, అన్ని షెడ్లూ ఒకటి కాకపోవడం. లారీల పనికి పేరున్న సాలూరులో భారీ డీజిల్ ఇంజిన్ కళ్లు మూసుకుని విప్పే మెకానిక్‌కు కూడా ఇంజెక్షన్ పెట్రోలు కారు మరో లోకం కావచ్చు. అందుకే నా షరతు: గేజి పెట్టి ఒత్తిడి చూపించనిదే పంపు మార్చనివ్వకండి. ఆ మాటకు "అదేం అక్కర్లేదు సార్" అనేవారి దగ్గర తాళాలు వెనక్కి తీసుకోవడమే మంచిది. సర్వీసు సెంటర్లో ఈ బెడద ఉండదు. కాకపోతే వాళ్లు సాధారణంగా అసెంబ్లీ, అంటే పంపు మోటారు, దానితో కలిసి ఉండే భాగాల సెట్టు మొత్తం మారుస్తారు, బిల్లు ఆ స్థాయిలోనే ఉంటుంది. మీ కంపెనీ సెంటరు విశాఖలోనే ఉంటే దానికి తోడు టోయింగ్ ఖర్చు.

మోటారు ఒక్కటే కొంటే అసెంబ్లీ కంటే చాలా చవక. ఐదారేళ్ల బండికి, పేరున్న తయారీదారు సరుకు దొరికితే, నేను మోటారుతో పాటు కొత్త జాలీ, లీకును ఆపే కొత్త రబ్బరు ఓ-రింగు వేయిస్తాను. పెట్రోలు తగిలి ఉబ్బిన పాత ఓ-రింగు మళ్లీ గాడిలో కూర్చోదు. పదేళ్లు దాటిన బండి అయితే అసెంబ్లీయే నయం, ఎందుకంటే చాలా మోడళ్లలో ఫిల్టరు, ప్రెజర్ రెగ్యులేటరు అందులోనే ఉంటాయి. వాటికీ పంపు వయసే.

ఎవరు బిగించినా సీటు వెంటనే మూయనివ్వకండి. బ్యాటరీ తగిలించి, తాళం నాలుగైదు సార్లు ఆన్ ఆఫ్ చేసి, పైపు అతుకుల చుట్టూ టార్చి వేసి తడి ఉందేమో చూడాలి. ఫుల్ ట్యాంకు కొట్టించాక మరోసారి సీటు ఎత్తి చూడండి. రింగు సరిగా కూర్చోకపోతే కారడం మొదలయ్యేది అప్పుడే.