డోపింగ్‌లో దొరికిన రైడర్‌కు జన్మంతా నిషేధమా, నాలుగేళ్లా, అసలు నిషేధమే వద్దా: ఏది మేలు?

నిషేధిత మందులు వాడి డోపింగ్‌లో దొరికిన సైకిల్ రైడర్‌ను ఏం చేయాలన్న దాని మీద మా హనుమకొండ గ్యాంగులో మూడు పార్టీలున్నాయి. ఆదివారం పొద్దున్నే ములుగు రోడ్డు పట్టే ఈ జనానికి జులై వచ్చిందంటే ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్ తప్ప వేరే మాట ఉండదు. "ఒక్కసారి దొరికినోడు ఇగ జన్మల రేసు సైకిలెక్కొద్దన్నా" అనేది కుర్రకారు పార్టీ. "నాలుగేండ్లు ఇంట్ల కూసోబెడితే చాలు, మనిషి మారడా" అంటాడు రైల్వేలో రిటైరైన మా కాజీపేట సార్. మూడోది మా బావ పార్టీ: "అందరూ ఇంజెక్షన్ కొట్టేటోళ్లే అయినప్పుడు అందర్నీ కొట్టనియ్యండి, లెక్క సాఫ్." నేను సార్ వైపే గానీ, ఆయన చెప్పే కారణానికి మాత్రం కాదు.

ముందు బావ సంగతి చూద్దాం. ఆయన దగ్గర సాక్ష్యం లేకపోలేదు. 1999 నుంచి 2005 దాకా ఏడు టూర్లలో 21 పోడియం స్థానాలుంటే (ఏటా మొదటి ముగ్గురు), అందులో 20 స్థానాల్లో నిలిచినవాళ్లకు డోపింగ్‌తో సంబంధం ఉందని అమెరికా యాంటీ డోపింగ్ సంస్థ యూసాడా తేల్చింది. ఆ ఏడు టూర్లూ గెలిచిన అమెరికా రైడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర లాక్కున్న ఏడు టైటిళ్లను వేరెవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేశారు. అయితే బావ కోరే ఏర్పాటు కొత్తదేమీ కాదు, దాదాపు అలాంటిదే ఒకప్పుడు నడిచింది.

డెంగీ సీజన్లో ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల ఏ ల్యాబులో సీబీపీ రక్తపరీక్ష చేయించుకున్నా, రిపోర్టులో మనవాళ్ల చూపంతా ప్లేట్‌లెట్ల మీదే. అదే కాగితంలో పీసీవీ అని ఇంకో అంకె ఉంటుంది. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పేది అదే, మగవాళ్లలో మామూలుగా 40 నుంచి 50 మధ్య ఉంటుంది. రేసుల్లో దొంగచాటుగా వాడే ఈపీఓ ఇంజెక్షన్ చేసే పనల్లా ఆ అంకెను పెంచడం. డయాలసిస్ మీదున్నవాళ్లకు రక్తం పట్టడానికి మన డాక్టర్లు రాసేదీ ఆ మందే. ఎర్రకణాలు పెరిగితే కండకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది, ఆల్ప్స్ ఘాట్ ఎక్కేటప్పుడు తేడా అక్కడ తెలుస్తుంది. 1990లలో ఈ మందును పట్టే పరీక్షే లేదు. ఇక చేసేది లేక 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ ఒక గీత గీసింది: పీసీవీ 50 దాటితే 15 రోజులు రేసు బంద్. దాన్ని శిక్ష అనలేదు, ఆరోగ్యం కోసం విశ్రాంతి అన్నారు. అంటే 50 లోపల ఎంత పెంచుకున్నా అడిగేవాడు లేడు.

మరి లెక్క సాఫ్ అయిందా? పుట్టుకతోనే 47 ఉన్నవాడు గీత దాకా పెంచుకుంటే వచ్చేది 3, 40 ఉన్నవాడికి వచ్చేది 10. మందుకు ఎవడి ఒళ్లు బాగా లొంగితే వాడికి లాభం. పైగా అంకె గీత దాటేలా ఉంటే టెస్టుకు ముందు సెలైన్ ఎక్కించి రక్తాన్ని పలచన చేసేవాళ్లు. 1999లో ఇటలీ పెద్ద రేసు జిరో డి ఇటాలియాలో అందరికన్నా ముందున్న మార్కో పంతానీని, రెండు స్టేజీలు, అంటే రెండు రోజుల రేసు మిగిలి ఉండగా, 52 వచ్చిందని ఇంటికి పంపారు. ఆ 2 పాయింట్లు తగ్గించుకోగలిగి ఉంటే ఆయన ఆ రోజు స్టార్ట్ లైన్ దగ్గరే ఉండేవాడు. బావ దీనికి జవాబు చెప్పడు, ఇంకో చాయ్ చెప్తాడు.

కుర్రకారు వాదన అంత తేలిగ్గా కొట్టేసేది కాదు. వాళ్లు ఎప్పుడూ ఎత్తే పేరు క్రిస్టోఫ్ బాసన్స్. 1998లో టూర్ మొదలయ్యే ముందు ఫెస్టినా జట్టు కారులో ఈపీఓతో సహా బోలెడు మందులు దొరికాయి. జట్టంతా మునిగితే, అదే జట్టులో ఉండి కూడా ముట్టనివాడు బాసన్స్ అని తోటి రైడర్లే చెప్పారు. మరుసటి ఏడాది టూర్‌లో డోపింగ్ గురించి నోరు విప్పాడని పెలోటన్, అంటే రైడర్ల గుంపు మొత్తం ఆయన్ను వెలేసినంత పని చేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ రేసు నడుస్తుండగానే పక్కకొచ్చి, వెళ్లిపొమ్మన్నాడు. బాసన్స్ మధ్యలోనే వెళ్లిపోయాడు, 2001లో రేసులే మానేశాడు. మరోవైపు స్పెయిన్‌లో బయటపడ్డ డోపింగ్ కేసు ఆపరేషన్ ప్యూర్టోలో రెండేళ్లు నిషేధంలో ఉన్న స్పెయిన్ రైడర్ వాల్వెర్దే 2012లో తిరిగొచ్చి, 2018లో 38 ఏళ్ల వయసులో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. "బాసన్స్‌కు ఫస్ట్ ఛాన్సే ఇయ్యలే, గీళ్లకు సెకండ్ ఛాన్సా?" అంటాడు మా గ్యాంగులో అందరికన్నా చిన్నోడు.

వాడి దగ్గర ఇంకో అస్త్రం కూడా ఉంది. ఓస్లో విశ్వవిద్యాలయంలో చిట్టెలుకలకు కండ పెంచే హార్మోన్ టెస్టోస్టిరాన్ ఇచ్చి చూసిన ప్రయోగం 2013లో అచ్చయింది. మందు ఆపాక కండ తగ్గింది గానీ, కండ కణాల్లో కొత్తగా పుట్టిన కేంద్రకాలు పోలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ పని పెడితే ఆ ఎలుకల కండ మిగతావాటికన్నా చాలా వేగంగా పెరిగింది. మూడు నెలలంటే ఎలుక ఆయుష్షులో చిన్న ముక్కేమీ కాదు. మనుషుల్లోనూ ఇదే జరిగితే నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చినవాడు పాత మందు లాభంతోనే వచ్చినట్టు. వెయిట్‌లిఫ్టింగ్‌లో, స్ప్రింట్‌లో ఇది పెద్ద మాటే. రోడ్డు సైక్లింగ్‌లో కొంపలు ముంచింది మాత్రం ఎక్కువగా ఈపీఓ, రక్తం ఎక్కించుకోవడం. ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులు. ఆ లాభం నాలుగేళ్లు కాదు, నాలుగైదు నెలలు కూడా గట్టిగా నిలవదు.

జన్మ నిషేధం నాకు మింగుడుపడకపోవడానికి మొదటి కారణం 2010 టూర్‌లో మొదట నిలిచిన స్పెయిన్ రైడర్ కొంటడోర్. ఆ టూర్‌లో ఆయన మూత్రంలో క్లెన్‌బుటెరాల్ అనే నిషేధిత మందు దొరికింది, మిల్లీలీటరుకు 50 పికోగ్రాములు, అంటే లేశమంత. తిన్న మాంసంలోంచి వచ్చిందన్నది ఆయన వాదన, రక్తం ఎక్కించుకున్నాడన్నది ఎదుటివాళ్ల వాదన. 2012లో క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం రెండింటినీ పక్కనపెట్టి, కల్తీ అయిన సప్లిమెంట్‌లోంచి వచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందంది. అయినా ఒంట్లో దొరికింది కాబట్టి రెండేళ్లు, టైటిల్ రెండో స్థానంలో ఉన్న ఆండీ ష్లెక్‌కు. ఒంట్లో ఉన్నదానికి ఆటగాడే బాధ్యుడు, అదీ నియమం. ఆ నియమానికి జన్మ నిషేధం తగిలించండి, కల్తీ డబ్బా కొన్నవాడూ పోతాడు, ఏళ్ల తరబడి ఈపీఓ కొట్టినవాడూ పోతాడు. మన జిమ్ముల్లో చేతులు మారే ప్రొటీన్ డబ్బాలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు: సీల్ మీద సీల్, బ్యాచ్ నంబరు చెరిపేసి, లోపల ఏముందో అమ్మేవాడికే తెలియదు.

రెండో కారణం ఇంకా పెద్దది. ఆర్మ్‌స్ట్రాంగ్ పడిపోయింది ల్యాబు రిపోర్టుతో కాదు, సాక్ష్యాలతో. 2012లో యూసాడా ముందు 26 మంది మాట్లాడారు, వాళ్లలో 11 మంది ఆయన జట్టులోనే తొక్కినవాళ్లు. హింకపీ, లైఫైమర్ లాంటివాళ్లు తామూ చేశామని ఒప్పుకుంటూనే చెప్పారు. నోరు విప్పినా విప్పకపోయినా జన్మ నిషేధమే అయితే వాళ్లు ఎందుకు విప్పుతారు? 2015 నుంచి అమల్లో ఉన్న నియమాల్లో కావాలని చేసిన డోపింగ్‌కు మామూలు శిక్ష నాలుగేళ్లు. ఇతరులను పట్టించడానికి గట్టిగా సాయపడితే అందులో నాలుగింట మూడొంతుల దాకా మాఫీ చేయొచ్చు. సార్ చెప్పే "మనిషి మారడా" నాకు పట్టదు, మారాడో లేదో ఎవరు చూస్తారు? నాలుగేళ్లలో నాకు నచ్చింది ఈ బేరమాడే జాగా.

శిక్ష పొడవు కన్నా దొరుకుతామన్న భయం ముఖ్యమని కూడా అంటాను. 2023లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు మన దేశపు యాంటీ డోపింగ్ సంస్థ నాడా వాళ్లు వచ్చారని తెలియగానే 100 మీటర్ల ఫైనల్‌లో ఒక్కడంటే ఒక్కడే పరిగెత్తాడు. మిగతావాళ్లకు నాలుగేళ్లన్న సంగతి ముందూ తెలుసు. వాళ్లను పరిగెత్తించింది ఆ రోజు గ్రౌండులో కనబడ్డ టెస్టు కిట్టు.

జన్మ నిషేధం అసలే వద్దంటానా అంటే, కాదు. మందు రాసే డాక్టరుకు, జట్టు నడిపే మేనేజరుకు అదే సరి. ఆర్మ్‌స్ట్రాంగ్ డాక్టరు మికెలె ఫెరారీకి 2012లో పడింది. జట్టు మేనేజరు బ్రుయ్‌నీల్‌కు మొదట పదేళ్లు వేస్తే 2018లో దాన్ని జన్మంతా చేశారు. మనదగ్గర కూడా కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడగానే 1600 మీటర్లు ప్రాక్టీసు చేసే పిల్లల చుట్టూ "ఏం వాడుతున్నవ్ తమ్మీ" అంటూ తిరిగేవాడు ఒకడు తయారవుతాడు. వాడి పేరు చెప్పిన పిల్లాడికి ఏదో ఒక మినహాయింపు ఉంటేనే ఆ పేరు బయటికొస్తుంది.

ఇక్కడిదాకా కుర్రకారు కూడా ఒప్పుకున్నారు. వాళ్లు ఆగింది ఆర్మ్‌స్ట్రాంగ్ సహచరులకు పడ్డ ఆరు నెలల నిషేధం దగ్గర. అది నడిచింది 2012 సెప్టెంబరు నుంచి 2013 మార్చి దాకా, అందులో సగానికి పైగా రేసులే లేని చలికాలం. మాఫీ ఇచ్చినా కనీసం ఒక పూర్తి సీజనైనా పోవాల్సింది. ఆ ముక్కలో నేనూ చిన్నోడి పార్టీయే.